చూద్దాంలే

టోక్యోలో మేముండే పేట పేరు నిషికసాయ్. ఆదివారం పొద్దున్న ఆ సందుల్లో నడిస్తే ఒక మేడ మీంచి ఇంగువ వాసన, ఇంకో మేడ మీంచి కుక్కరు కూత. 2000 ప్రాంతంలో కంప్యూటర్ పనుల మీద వచ్చిన మనవాళ్ళు ఇక్కడ అద్దెకి దిగారు. వాళ్ళ వెనకాల పప్పుల కొట్లు దిగాయి, వాటి వెనకాల మేం దిగాం. పన్నెండేళ్ళయింది. రెండు గదుల ఫ్లాటు, బట్టలారేస్తే మనిషికి చోటుండని బాల్కనీ, అందులో ఒక కరివేపాకు కుండీ. చలికాలం నాలుగు నెలలూ ఆ కుండీని హాల్లోకి తెచ్చి, ఇంటికొచ్చిన పెద్దమనిషికి వేసినట్టు కిటికీ పక్కన పీట వేస్తాం.

అలాంటివాణ్ణి, పోయినేడు నాకు పల్లెటూరి పిచ్చి పట్టుకుంది.

పట్టించింది ఖాళీ ఇళ్ళు. 'అకియా' అంటారిక్కడ. 2023లో ప్రభుత్వం లెక్క తీస్తే జపాన్ మొత్తమ్మీద 90 లక్షల ఇళ్ళు ఖాళీగా తేలాయి, వందకి దాదాపు పద్నాలుగు. పెద్దవాళ్ళు పోయారు, పిల్లలు ఒసాకాలోనో టోక్యోలోనో ఉన్నారు, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. పడగొట్టొచ్చుగా అంటే, ఇల్లున్న చిన్న స్థలానికి భూమి పన్ను లెక్క ఆరోవంతు మీదే వేస్తారు. నేల చదును చేశారో, ఆ రాయితీ పోతుంది. పైగా కూల్చడానికి లక్షలు. కాబట్టి ఎవరూ ముట్టుకోరు. అమ్ముతామన్నవాళ్ళ ఇళ్ళని ఊరి ఆఫీసువాళ్ళే ఫొటోలు తీసి జాబితా పెడతారు. విదేశీయులు కొనుక్కోవడానికి అడ్డేమీ లేదు. ఇల్లు కొన్నంత మాత్రాన వీసా ఇవ్వరు, అంతే. శాశ్వత నివాసం తీసుకున్నాం కాబట్టి మాకా బెంగా లేదు.

రాత్రి అన్నాలయ్యాక లోకమంతా సినిమాలు చూస్తుంది, నేను ఇళ్ళు చూసేవాణ్ణి. పెంకుటిళ్ళు, కొయ్య స్తంభాలు, ముందు పొడుగాటి చెక్క అరుగు. మా ఆవిడ పక్కనించి తొంగిచూసి, "మళ్ళీ పెళ్ళిచూపులు మొదలెట్టారా?" అనేది.

ఆ పెళ్ళిచూపుల్లో ఒకటి కుదిరింది. షికోకు దీవి, తొకుషిమా జిల్లా, ఇయా లోయ. కొండవాలున ఆరు గదుల ఇల్లు, ఒక చెక్క చేను, రెండు యూజు నిమ్మచెట్లు. ఖరీదు ఐదు లక్షల యెన్లు. మన డబ్బుల్లో మూడు లక్షల లోపు. బెజవాడలో ఆ డబ్బుకి కారు నిలుపుకునే జాగా కూడా రాదని మా ఆవిడకి చెప్పాను. వారంలో నాలుగు రోజులు నా ఉద్యోగం ఇంట్లోంచే. నెట్టుంటే చాలు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, మట్టి అంటే పార్కులో ఇసక గుంట అనుకుంటోంది. ఇదీ నా వాదన.

"చూసొద్దాం. చూట్టానికి డబ్బులు పుచ్చుకోరుగా," అంది ఆవిడ.

పుచ్చుకున్నారు. ముగ్గురికి రైలు టిక్కెట్లకే నెల అద్దెలో సగం పోయింది.

నవంబరు రెండో వారం. నొజొమి రైల్లో ఒకాయమా దాకా మూడుంపావు గంటలు. అక్కడ దక్షిణానికి పోయే నంపూ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 1988లో సముద్రం మీద కట్టిన సేతో వంతెన దాటుతుంటే కింద ఓడలు బియ్యంలో పురుగుల్లా కనబడ్డాయి. ఆవా ఇకేదాలో దిగి కారు అద్దెకి తీసుకున్నాం. అక్కణ్ణించి దారి అనేది మర్యాదకి అనే మాట. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో ఒకటింబావు కారుకి సరిపడా తారు. ఎదురుగా బండొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. రెండుసార్లూ నేనే పోయాను.

దారిలో తీగల వంతెన ఎక్కాం. 45 మీటర్ల పొడుగు, ఏటికి 14 మీటర్ల ఎత్తు, కాలు పెడితే ఉయ్యాల. మూడేళ్ళకోసారి కొత్త తీగలతో మళ్ళీ అల్లుతారు. 1185లో యుద్ధం ఓడిపోయిన హెయికే వంశంవాళ్ళు పారిపోయొచ్చి ఈ లోయలో దాక్కున్నారనీ, శత్రువులొస్తే నరికెయ్యడానికి వీలుగా వంతెన తీగలతో కట్టుకున్నారనీ ఒక కథ. ఇప్పుడు ఎవరైనా వస్తే చాలని లోపల ఇనప తాళ్ళు బిగించి, ఇవతల టిక్కెట్టు పెట్టారు.

ఇంకా పైకి పోతే నాగొరో. బొమ్మల ఊరని పేరు పడింది. త్సుకిమి అయానో అనే ఆవిడ ముసలి తండ్రిని చూసుకోవడానికి ఒసాకా వదిలి సొంతూరొచ్చేసింది. చేలో విత్తనాలు పక్షులు తినేస్తుంటే తండ్రి పోలికతో ఒక దిష్టిబొమ్మ చేసి నిలబెట్టింది. దారినపోయేవాళ్ళు అది ఆయనే అనుకుని పలకరించారట. అక్కణ్ణించి ఊళ్ళో ఎవరు పోతే వాళ్ళ బొమ్మ చేస్తూ వచ్చింది. బడి 2012లో మూసేశారు. తరగతి గదిలో పిల్లల బొమ్మలు, బల్ల దగ్గర మేష్టారి బొమ్మ అలాగే ఉన్నాయి. ఊళ్ళో మనుషులు ముప్ఫై లోపు, బొమ్మలు అంతకి పదింతలు. మేం కారు దిగి చూస్తూ నడిచాం. రోడ్డు పక్కన కూర్చున్న ఒక పెద్దాయనకి మా అమ్మాయి వంగి నమస్కారం పెట్టి, జవాబు రాకపోతే చిన్నబుచ్చుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే కళ్ళు గుండీలు.

మా ఊరు, అంటే మేం చూడబోయే ఊరు, అక్కణ్ణించి రెండు మలుపుల అవతల. ఊరి ఆఫీసు తరఫున ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. మెడలో బిళ్ళ, చేతిలో ఫైలు. అతనూ పట్నంవాడే. పట్నాలవాళ్ళని మూడేళ్ళపాటు జీతమిచ్చి పల్లెల్లో పెట్టే ప్రభుత్వ పథకం ఒకటి 2009 నించీ నడుస్తోంది, అందులో వచ్చాడు.

"మూడేళ్ళయ్యాక?" అన్నాను.

"మార్చితో అయిపోతాయండీ," అన్నాడు. నా ప్రశ్నకి అది జవాబు కాదు, కానీ సరిపోయింది.

ఊళ్ళో పదకొండు మంది. అందరికంటే చిన్నవాడికి అరవై ఎనిమిది. ఇల్లు నేననుకున్నదానికంటే బాగుంది. స్తంభాలు పొగచూరి నేరేడుపండు రంగు తేలాయి. వంటింటి గోడకి వ్యవసాయ సంఘంవాళ్ళ క్యాలెండరు, హేసేయ్ 21వ సంవత్సరం, మే నెల. అంటే 2009. ఆ నెలలో ఒక తేదీ చుట్టూ ఎర్ర సున్నా, పక్కన 'ఆసుపత్రి' అని రాసుంది. తర్వాత నెల తిప్పినవాళ్ళు లేరు. లోపలి గదిలో పెద్దల పీఠం, నల్ల లక్క పెట్టె. "పురోహితుణ్ణి పిలిచి మంత్రం చదివించి ఇది తీయించేస్తాం, మీరేం కంగారుపడకండి," అన్నాడు కుర్రాడు. మా ఆవిడ కంగారేమీ పడలేదు. చెప్పులు విప్పి, దానికో దణ్ణం పెట్టి, పక్క గదిలో చాపల మీద తడి మరక ఎక్కణ్ణించి వచ్చిందో చూట్టానికి వెళ్ళింది.

చేను చూసి నేను కాసేపు మాట్లాడలేదు. గోడకి తగిలించినట్టుంది. ఆ వాలులో మట్టి జారిపోకుండా కొండమీది రెల్లులాంటి గడ్డి కోసి, ఎండబెట్టి, చేలో కలుపుతారు. ఆ గడ్డిని మన వాముల్లాగే కోసుగా నిలబెడతారు. మెట్లు చెక్కకుండా వాలు మీదే సాగుచేసే ఈ పద్ధతిని ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ 2018లో ప్రపంచ వారసత్వ సేద్యాల్లో చేర్చింది. మంచిదే. కానీ బంగాళాదుంప చెయ్యి జారితే అది కింద ఊరివాళ్ళ సొత్తు.

పక్కింటావిడ అప్పుడొచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. నడుం సగానికి వంగింది, గొంతు వంగలేదు. ఇక్కడ అలాంటివాళ్ళని ఒబాచాన్ అంటారు, మన మామ్మగారు. ఆవిడ యాస నాకు సగం, మా ఆవిడకి పావు అర్థమైతే, మా అమ్మాయి మిగతాది ఊహించి చెప్పింది. తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. పుల్లకి బంగాళాదుంప, గట్టి తోఫు, కొన్యాకు ముక్క గుచ్చి, మీసో రాసి, నిప్పు పక్కన నిలబెట్టి తిప్పుతూ కాల్చింది. దాని పేరు దెకోమవాషి, బొమ్మ తిప్పడం అని. ఈ జిల్లా తోలుబొమ్మలాట లాంటి కొయ్యబొమ్మలాటకి పేరుమోసింది, పుల్లమీది తలకాయ తిరిగినట్టు తిరుగుతుందని దీనికా పేరు. మా అమ్మాయి నాలుగు పుల్లలు తింది. ఇంట్లో బంగాళాదుంప చూస్తే ముఖం తిప్పుకునే పిల్ల.

మామ్మగారు కూడా నాగొరో వెళ్ళి బొమ్మలు చెయ్యడం నేర్చుకుందట. ఊరంతా తిప్పి చూపించింది. కర్రలు, ఇనప తీగ, చుట్టలు చుట్టిన పాత పేపర్లు, పైన బట్ట, జుట్టుకి ఊలు. బస్సు వారానికి రెండుసార్లే వచ్చే స్టాపులో ముగ్గురు. మూసేసిన కొట్టు ముందు ఇద్దరు. "ఈయన పోయాడు. ఈవిడ కూతురు దగ్గరికి కోబే వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరూ మా అబ్బాయిలు, ఒసాకాలో ఉంటారు." ముక్కు వంకర ఒకడికి సరిగ్గా కుదర్లేదని బొటనవేలితో నొక్కి సరిచేసింది, స్కూలుకి పంపేముందు ముఖం తుడిచినట్టు.

"ఊళ్ళో ఉన్నవాళ్ళ బొమ్మలు చెయ్యరా?" అని మా ఆవిడ అడిగించింది.

"ఉన్నవాళ్ళకి బొమ్మెందుకు?" అంది మామ్మగారు.

సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఐదింటికి ఊరి మైకులోంచి పిల్లలు ఇళ్ళకెళ్ళే పాట వచ్చింది. ఎక్కడా పిల్లలు లేరు, మా అమ్మాయి తప్ప. అది లేచి నిలబడి, "మనం ఇంటికెళ్ళాలా?" అంది. నేను సమాధానం వెతుక్కుంటుంటే ఫోను మోగింది. ఆదివారం, అమ్మ వీడియో కాల్.

దివిసీమలో మా ఊరు. 1977 ఉప్పెనకే ఊరొదలని మనిషి మా అమ్మ. ఓసారి టోక్యో వచ్చి నెలన్నర ఉండి, 'మీ ఊళ్ళో చెప్పులెక్కడ విప్పాలో తెలిసింది గానీ ఎవరితో మాట్లాడాలో తెలియలేదు' అని వెళ్ళిపోయింది.

"అక్కడెంతయిందిరా?"

పన్నెండేళ్ళుగా ఇదే మొదటి ప్రశ్న. మూడున్నర గంటల తేడా ఆవిడకి తెలుసు. తెలిసీ అడుగుతుంది.

ఇల్లు చూపించాను, కొండ చూపించాను. "నీళ్ళెక్కణ్ణించొస్తాయి?" అంది. కొండమీంచి గొట్టం అన్నాను. "అరుగు బాగుంది," అంది. ఫోను మామ్మగారి వైపు తిప్పితే ఇద్దరూ ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకున్నారు. ఎవరి భాషలో వాళ్ళు రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. తగువు రాలేదు.

"ఆవిడకి పిల్లల్లేరా?"

"ఇద్దరు. ఒసాకాలో ఉంటారట."

"ఊఁ," అంది అమ్మ. తర్వాత, "సంక్రాంతికొస్తున్నారా?"

"చూద్దాంలేమ్మా. సెలవు చూసుకోవాలి."

మర్నాడు బయల్దేరేటప్పుడు మామ్మగారు కారు దాకా వచ్చింది. ఎప్పుడొస్తారు అని సూటిగా అడిగింది. పన్నెండేళ్ళ ఆఫీసు జపనీసు నోట్లోంచి దానంతటదే వచ్చింది. "కెంతో షిమాస్." పరిశీలిస్తాం, అని అర్థం. నిఘంటువులో మాత్రం. ఈ దేశంలో ఏ మీటింగులోనైనా ఆ మాట వినబడితే ఎదుటివాడు కాగితాలు సర్దుకుని లేస్తాడు.

మామ్మగారు తలూపింది. ఊపి, మీ దగ్గర పాతబట్టలేమైనా ఉన్నాయా, తలా ఒకటి ఇచ్చి వెళ్ళండి అంది. వానకీ మంచుకీ బొమ్మల బట్టలు చివికిపోతాయనీ, ఎప్పటికప్పుడు మారుస్తుండాలనీ నిన్న చెప్పింది కాబట్టి మాకు వింతనిపించలేదు. పెట్టె తెరిచాం. మా ఆవిడ ఒక చున్నీ, అమ్మాయి పొట్టయిపోయిన స్వెట్టరు తీశారు. పెట్టె అడుగున నాకొక గళ్ళ చొక్కా దొరికింది, మూడేళ్ళ కిందట ఊరెళ్ళినప్పుడు అవనిగడ్డలో కొన్నది. భుజాల దగ్గర వదులని తొడుక్కోలేదు, మడత కూడా నలగలేదు. ఇచ్చేశాను. బదులుగా ఆవిడ రెండు కిలోల బంగాళాదుంపలు చేతిలో పెట్టింది. "పాతబట్టలకి స్టీలు గిన్నెలు ఇచ్చేవాడి కంటే నయం," అంది మా ఆవిడ, కారు కదిలాక.

ఆ తర్వాత సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. బడి యాభై నిమిషాల దూరం. పిల్లకి జ్వరమొస్తే డాక్టరు అంతకంటే దూరం. వారంలో ఆ ఐదో రోజు ఆఫీసుకి రమ్మనకుండా ఉండరు. మురుగు తొట్టి మార్పించడానికి అడిగిన డబ్బు ఇంటి ఖరీదుకి రెట్టింపు. ఇవన్నీ వెళ్ళకముందే తెలుసు. ఆఫీసు కుర్రాడు రెండు మెయిళ్ళు పెట్టాడు, నేను రెండుసార్లు పరిశీలిస్తున్నాం అని రాశాను. మూడోది రాలేదు.

జపాన్‌లో కొత్తసంవత్సరం నాడు పోస్టులో శుభాకాంక్షల కార్డులు వస్తాయి. జనవరి ఒకటిన పొద్దున్నే పంచిపెట్టేలా పోస్టాఫీసు ముందే కట్టలు కట్టి ఉంచుతుంది. బీమా కంపెనీ కార్డు, మంగలి షాపు కార్డు, వాటి మధ్యన ఒక ఫొటో కార్డు. మేం చూసొచ్చిన ఇల్లు. అరుగు మీద ముగ్గురు కూర్చున్నారు. చున్నీ వేసుకున్న ఒకావిడ, స్వెట్టరులో ఒక పిల్ల, పిల్ల చేతిలో పుల్లకి గుచ్చిన బంగాళాదుంప. పక్కన గళ్ళ చొక్కాలో నేను. కళ్ళజోడు కూడా పెట్టింది. నెత్తిన ఊలు పల్చగా వేసింది, అన్యాయం అనడానికి లేదు. వెనకాల గుమ్మంలో నాలుగో బొమ్మ, మెడలో బిళ్ళ, చేతిలో ఫైలు.

కింద వణుకుతున్న పెద్ద అక్షరాలు. అమ్మాయి చదివి చెప్పింది. "మీరొచ్చాక ఊరు సందడిగా ఉంది. ఈ ఏడు చలి ఎక్కువ, జాగ్రత్త."

మా ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. "మనం వెళ్ళిపోతామని ఆవిడకి ఆ రోజే తెలుసండీ," అంది. నేను మాట్లాడలేదు.

ఆ ఆదివారం అమ్మ ఫోను చేసింది. సంక్రాంతి పదిరోజులుంది. మేం టిక్కెట్లు తీయలేదు. ఆ మాట రాకుండా ఉండాలని కార్డు కెమెరా ముందు పెట్టి కథంతా నవ్విస్తూ చెప్పాను. అమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తెరంతా ఆవిడ నుదురే కనబడింది.

"ఆ గళ్ళ చొక్కా నేను కొన్నదేగా?"

"అవునమ్మా."

"బాగానే సరిపోయిందే." ఇంకాసేపు చూసింది. "ఒరేయ్, ఆవిణ్ణడిగి అలాంటిదే ఇంకోటి చేయించి ఇటు పంపించరా. మన అరుగు మీద కూర్చోబెట్టుకుంటాను."

నేనింకా నోరు తెరవలేదు.

"ఖర్చెంతైనా నేనే పెట్టుకుంటాలే," అంది.